బీటా బ్లాకర్ మాత్రలు కొత్తగా మొదలుపెట్టారా? మొదటి వారాల ఇబ్బందులపై తరచుగా అడిగే ప్రశ్నలు

మందుల చీటీలో మెటోప్రొలాల్ అనో, బిసోప్రొలాల్ అనో, ప్రొప్రనొలాల్ అనో ఒక కొత్త పేరు చేరింది. నాలుగు రోజులు తిరక్కుండానే ఒళ్లు బరువెక్కింది, మెట్లెక్కుతుంటే కాళ్లు పీకాయి, వేళ్లు చల్లబడ్డాయి. ‘మందు నాకు పడలేదా, అలవాటయ్యేదాకా ఇంతేనా?’ అనే అనుమానం పట్టుకుంది. ఆ అనుమానం ఉన్నవాళ్ల కోసమే ఈ పేజీ. నేను డాక్టర్ని కాదు. ఈ రకం మాత్రే కొన్నేళ్లుగా వేసుకుంటున్నవాణ్ణి. మొదట్లో నన్ను వేధించిన ప్రశ్నలకు చదివి, అడిగి తెలుసుకున్న జవాబులు ఇక్కడ రాస్తున్నాను. వీటిని పట్టుకుని సొంతంగా డోసు మార్చుకోకండి. అన్నీ చదివే ఓపిక లేకపోతే మాత్ర ఆపడం గురించిన ప్రశ్న, వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన లక్షణాల గురించిన ప్రశ్న, ఈ రెండూ చదవండి చాలు.

అసలు ఈ మాత్ర ఒంట్లో ఏం చేస్తుంది?

భయపడినా, కోపం వచ్చినా, పరుగెత్తినా మన ఒంట్లో అడ్రినలిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు పెరుగుతాయి. గుండెకు అవి ములుగర్ర లాంటివి. పొడిచేకొద్దీ గుండె వేగంగా, గట్టిగా కొట్టుకుంటుంది. ఆ పోటు తగిలే చోట్లను బీటా రిసెప్టర్లు అంటారు. ఈ మాత్ర వెళ్లి ఆ చోట్లను ఆక్రమించి కూర్చుంటుంది. ములుగర్ర ఆడుతూనే ఉంటుంది గానీ పోటు అంతగా తగలదు. గుండె నెమ్మదిస్తుంది, బీపీ తగ్గుతుంది, గుండె కండరానికి కావాల్సిన ఆక్సిజన్ కూడా తగ్గుతుంది.

1960ల్లో ప్రొప్రనొలాల్‌ను తయారు చేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ ఆలోచన కూడా ఇదే. గుండెకు రక్తం ఎక్కువ అందేలా చేయాలని అందరూ చూస్తుంటే, గుండె అవసరాన్నే తగ్గిస్తే ఎలా ఉంటుందని ఆయన ఆలోచించారు. 1988లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్నవారిలో ఆయన ఒకరు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మొదటి వారాల్లో మనం సైడ్ ఎఫెక్ట్ అనుకునేవాటిలో చాలా వరకు ఆ మందు అసలు పనే. గుండె నెమ్మదించడానికే మాత్ర ఇచ్చారు. అది నెమ్మదించినప్పుడు ఒంటికి కొత్తగా అనిపిస్తుంది. అన్నేళ్లూ పొడుపుల మీద నడిచిన ఎద్దు ఒక్కసారిగా తన నడక తాను నడిస్తే బండిలో కూర్చున్నవాడికి బండి ఆగిపోయినట్టే ఉంటుంది.

నాకు బీపీ లేదు. మరి ఈ మాత్ర ఎందుకు రాశారు?

బీపీ ఒక్కదానికే వాడే మందు కాదిది. గుండెపోటు వచ్చిపోయాక, గుండెనొప్పికి, గుండె లయ తప్పినప్పుడు, హార్ట్ ఫెయిల్యూర్‌కి (గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేకపోవడం) ఇస్తారు. మైగ్రేన్ రాకుండా చూడటానికి, చేతుల వణుకుకి, థైరాయిడ్ ఎక్కువైనప్పుడు వచ్చే దడకి, లివర్ జబ్బులో అన్నవాహిక రక్తనాళాలు ఉబ్బి రక్తస్రావం కాకుండా ఉండటానికి కూడా రాస్తారు. మీకు ఎందుకు రాశారో తప్పకుండా అడిగి తెలుసుకోండి. మైగ్రేన్ కోసం వేసుకునేవారికీ, గుండెపోటు తర్వాత వేసుకునేవారికీ ఈ పేజీలోని కొన్ని జవాబుల తీవ్రత ఒకేలా ఉండదు.

ఈ నీరసం ఎన్నాళ్లుంటుంది?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. డోసు పెంచిన ప్రతిసారీ కొద్ది రోజులు మళ్లీ తిరిగి రావచ్చు. అందుకే డాక్టర్లు తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు.

ఈ నీరసం మామూలు అలసటలా ఉండదు. నిద్ర చాలనట్టు కాకుండా, నీళ్లలో నడుస్తున్నట్టు ఉంటుంది. మనసు ముందుకు పోతుంది, కాళ్లు వెనకపడతాయి. కారణం సులువే. మెట్లెక్కుతున్నప్పుడు మామూలుగా గుండె వెంటనే వేగం పుంజుకుంటుంది. ఇప్పుడు అలా పుంజుకోవడం లేదు. కండరాలకు రక్తం కాస్త ఆలస్యంగా అందుతుంది. కొన్ని వారాల్లో శరీరం సర్దుకుంటుంది. ఒక్కో కొట్టుకు కాస్త ఎక్కువ రక్తం పంపడం లాంటి మార్పులు చేసుకుంటుంది.

ఆ రోజుల్లో పనికొచ్చేవి కొన్నున్నాయి. కూర్చున్నచోటి నుంచి ఒక్క ఉదుటున పరుగుపెట్టకుండా మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా నడవండి. రోజంతా పడుకుంటే నీరసం తగ్గదు సరికదా, పెరుగుతుంది. రోజులో మీకు ఏ వేళ ఎక్కువ నీరసంగా ఉందో రాసి పెట్టుకోండి. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలకే వస్తోందంటే, ఆ మాత్రను రాత్రికి మార్చవచ్చేమో డాక్టర్ని అడగవచ్చు. ఇక నీరసానికి వేరే కారణాలు ఉండవా అంటే, బోలెడున్నాయి. రక్తహీనత, థైరాయిడ్ తగ్గడం, సరిగా నిద్ర లేకపోవడం, అసలు ఏ జబ్బు కోసం మందు ఇచ్చారో ఆ జబ్బే. నెల దాటినా నీరసం ఒక్క మెట్టూ దిగకపోతే అంతా మాత్ర మీదకే నెట్టేయకుండా పరీక్షలు చేయించుకోవాలి.

అలసటగా ఉందని మాత్ర ఆపేయొచ్చా?

వద్దు. ఇబ్బందిగా ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేయండి, అపాయింట్‌మెంట్ ముందుకు జరుపుకోండి, పోట్లాడండి, అంతేగానీ ఒక్కసారిగా మాత్రం ఆపకండి.

కొంతకాలం పోటు తగలకపోయేసరికి శరీరం మరిన్ని బీటా రిసెప్టర్లు తయారు చేసుకుంటుంది. గుండె ములుగర్రకు ఇంకా సున్నితంగా మారుతుంది. అలాంటి సమయంలో మాత్ర ఠక్కున ఆపేస్తే ఆ అడ్రినలిన్ అంతా ఒకేసారి తగులుతుంది. దడ పుడుతుంది, బీపీ ఎగబాకుతుంది. రక్తనాళాల్లో పూడికలున్నవారికి గుండెనొప్పి పెరగవచ్చు, గుండెపోటే రావచ్చు. ఈ హెచ్చరిక ఏదో మూలన చిన్న అక్షరాల్లో ఉండేది కాదు. అమెరికాలో ఈ మందుల్లో కొన్నింటి సమాచార పత్రం మొదట్లోనే పెట్టె గీసి మరీ రాస్తారు.

మానాల్సి వస్తే డాక్టర్లు సాధారణంగా ఒకటి రెండు వారాల పాటు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం, డోసు మెట్లు మెట్లుగా దించుతారు. ఊరికి వెళ్లేటప్పుడు మాత్రలు అయిపోకుండా చూసుకోవడం కూడా దీనికి సంబంధించిన విషయమే. మానాలనుకుని మానేవాళ్ల కన్నా, డబ్బా ఖాళీ అయిపోయి మానేసినవాళ్లే ఎక్కువుంటారని నా అనుమానం. ఒకసారి నేనూ ఆ గుంపులో ఉన్నాను. మూడో రోజు రాత్రి గుండె చెవుల్లో కొట్టుకుంది. అప్పటి నుంచి బ్యాగులో ఒక స్ట్రిప్ విడిగా ఉంటుంది.

పల్స్ 54 చూపిస్తోంది. కంగారు పడాలా?

మాత్ర వేసుకోనివారికి విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉంటే మామూలు అంటారు. ఈ మాత్ర మీద 50ల్లో ఉండటం వింతేమీ కాదు. గుండెనొప్పి ఉన్నవారికైతే 55, 60 మధ్య ఉండేలా డాక్టర్లే డోసు సర్దుతారు. నిద్రలో ఇంకా కిందికి దిగుతుంది. అందుకే రాత్రంతా స్మార్ట్ వాచీ కట్టుకుని, పొద్దున్నే 46 చూసి హడలిపోనవసరం లేదు.

అంకె ఒక్కటే చూడకండి. 52 ఉండి హాయిగా తిరుగుతున్నవారికీ, 52 ఉండి కళ్లు బైర్లు కమ్ముతున్నవారికీ తేడా ఉంది. విశ్రాంతిలో 50 కన్నా తక్కువ పదే పదే కనిపిస్తే, లేదా పల్స్ తగ్గడంతో పాటు తల తేలిపోవడం, ఆయాసం, మరీ నీరసం ఉంటే తర్వాతి డోసు వేసుకునే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. మీకు ఎంత కన్నా తగ్గితే ఫోన్ చేయాలో మొదటి రోజే అడిగి చీటీ మీద రాయించుకుంటే ఈ టెన్షన్ సగం ఉండదు.

చూసుకునే పద్ధతి కూడా చెబుతాను. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, నిమిషం నిండా లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే, లయ తప్పిన గుండె విషయంలో లెక్క తప్పుతుంది. బీపీ మెషిన్లు, వాచీలు కూడా లయ తప్పినప్పుడు కొన్ని కొట్లు వదిలేస్తాయి.

లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయి

బీపీ తగ్గడం వల్ల, గుండె వెంటనే వేగం అందుకోలేకపోవడం వల్ల ఇలా అవుతుంది. మొదటి రోజుల్లో, డోసు పెంచిన రోజుల్లో ఎక్కువ. కార్వెడిలాల్, లాబెటలాల్ రక్తనాళాలను కూడా వెడల్పు చేస్తాయి కాబట్టి వాటితో ఇంకాస్త ఎక్కువ. కార్వెడిలాల్ ఖాళీ కడుపుతో కాకుండా తిండితో వేసుకోమనడానికి కారణం అదే. మందు రక్తంలోకి నెమ్మదిగా చేరితే బీపీ ఒక్కసారిగా పడిపోదు.

పక్క మీద నుంచి లేచేటప్పుడు ముందు కూర్చోండి, కాళ్లు కిందికి వేలాడేసి పిక్కలు బిగించి వదలండి, ఆ తర్వాత నిలబడండి. రాత్రి బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు ఇది మరీ ముఖ్యం. పడిపోయే వాళ్లలో ఎక్కువమంది పడేది ఆ చీకట్లోనే. బాగా వేడినీళ్ల స్నానం, వాంతులు విరేచనాలు, జ్వరం, నీళ్లు తక్కువ తాగడం ఇవన్నీ తూలుడును పెంచుతాయి. మందు మీకెలా ఉందో తేలే వరకు బండి నడపకండి, నిచ్చెనలు ఎక్కకండి.

చేతులు, కాళ్లు చల్లబడిపోతున్నాయి

గుండె నుంచి వచ్చే రక్తం కాస్త తగ్గినప్పుడు శరీరం వేళ్ల చివరలకు పంపేది ముందుగా తగ్గిస్తుంది. ప్రొప్రనొలాల్ లాంటి పాతవాటితో ఇది ఎక్కువ. సాక్సులు, గ్లవుజులు వేసుకోండి, చల్లటి నీళ్లలో చేతులు పెట్టే పని తగ్గించుకోండి, పొగతాగే అలవాటుంటే మానండి, అది వేళ్ల రక్తనాళాలను ఇంకా బిగిస్తుంది. వేళ్లు తెల్లగా, ఆపైన నీలంగా మారి నొప్పి పెడుతుంటే మాత్రం చెప్పాలి. ముందు నుంచే ఆ సమస్య ఉన్నవారికి డాక్టర్ మందు మార్చవచ్చు.

విచిత్రమైన కలలు వస్తున్నాయి. మాత్ర వల్లేనా?

అయ్యే అవకాశం ఉంది. ప్రొప్రనొలాల్, మెటోప్రొలాల్ కొవ్వులో కరిగే రకం, మెదడులోకి సులువుగా వెళ్తాయి. అటెనొలాల్, నాడొలాల్ నీళ్లలో కరిగేవి, మెదడులోకి తక్కువ చేరతాయి. అయితే కథ అంతటితో అయిపోదు. నిద్రకు సాయపడే మెలటోనిన్‌ను మెదడులోని పీనియల్ గ్రంథి రాత్రిపూట తయారు చేస్తుంది. ఆ గ్రంథికి అందే సంకేతం కూడా బీటా రిసెప్టర్ల గుండానే వెళ్తుంది. వాటిని మూసేస్తే మెలటోనిన్ తగ్గవచ్చు.

రోజుకొకసారి వేసుకునే మాత్ర రాత్రి వేసుకుంటూ నిద్ర పాడవుతుంటే, పొద్దుటికి మార్చవచ్చేమో అడగండి. చాలాసార్లు ఆ ఒక్క మార్పే సరిపోతుంది. పైన నీరసం దగ్గర రాత్రికి మార్చమని అడగవచ్చన్నాను, ఇక్కడ పొద్దుటికి అంటున్నాను. మీకు ఏది ఎక్కువ బాధో దాన్ని బట్టి ఎంచుకోవాల్సిందే. కలలు భరించలేనంతగా ఉంటే ఇంకో రకం బీటా బ్లాకర్‌కి మారడం కూడా ఉంది. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా కలుపుకోకండి.

మనసు దిగులుగా ఉంటోంది

బీటా బ్లాకర్లు డిప్రెషన్ తెస్తాయన్న మాట చాలాకాలంగా నలుగుతోంది. ఎన్నో ట్రయల్స్ ఫలితాలు కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2021లో వచ్చింది. ఈ మందులకూ డిప్రెషన్‌కీ సంబంధం అందులో కనిపించలేదు. నిద్ర చెదరడం, కలలు, అలసటతో మాత్రం సంబంధం కనిపించింది. పదిహేను రోజులు నిద్ర సరిగా లేక, కాళ్లు ఈడ్చుకుంటూ తిరిగే మనిషికి మనసు బాగుండకపోవడంలో ఆశ్చర్యం ఏముంది? పైగా గుండెపోటు లాంటిది వచ్చి ఈ మాత్ర మొదలైతే, ఆ భయం కూడా ఇందులో కలుస్తుంది.

కారణం ఏదైనా బాధ బాధే. రెండు వారాలకు పైగా ఏ పని మీదా మనసు నిలవకపోతే చెప్పండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మరుసటి రోజు దాకా ఆగకండి, ఇంట్లోవాళ్లకు చెప్పి ఆస్పత్రికి వెళ్లండి.

మగతనం తగ్గుతుందని విన్నాను. నిజమేనా?

డాక్టర్ ముందు నోరు పెగలని ప్రశ్న ఇది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. కొందరు మగవారికి అంగస్తంభన ఇబ్బంది వస్తుంది, అది నిజం. అయితే 2003లో వచ్చిన ఒక అధ్యయనం గుర్తుంచుకోవాలి. గుండెజబ్బు కొత్తగా తేలిన 96 మంది మగవారికి అటెనొలాల్ ఇచ్చారు. 32 మందికి ఏ మందో చెప్పలేదు, మరో 32 మందికి మందు పేరు మాత్రం చెప్పారు, మిగతా 32 మందికి పేరుతో పాటు ఈ ఇబ్బంది రావచ్చని కూడా చెప్పారు. మూడు నెలల తర్వాత ఇబ్బంది ఉందన్నవారు మొదటి గుంపులో ఒక్కరు, రెండో గుంపులో ఐదుగురు, మూడో గుంపులో పదిమంది. అందరిదీ ఒకే మందు.

అంటే ఇదంతా భ్రమ అని కాదు. భయం కూడా ఒంటి మీద పనిచేస్తుందని. (ఇది చదివేశారు కాబట్టి మీరిప్పుడు మూడో గుంపులో చేరారు, దానికి క్షమించాలి.) బీపీ, షుగర్, రక్తనాళాల పూడిక కూడా ఇదే ఇబ్బంది తెస్తాయన్నది మరిచిపోకూడదు. నెబివొలాల్ అనే మరో బీటా బ్లాకర్‌తో ఈ సమస్య తక్కువగా ఉంటుంది కాబట్టి మారే వీలుందేమో అడగవచ్చు. దీని కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు మాత్రం డాక్టర్‌కి చెప్పకుండా కొనకండి. నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవారికి అవి ప్రాణం మీదకు తెస్తాయి.

వాకింగ్, జిమ్ కొనసాగించొచ్చా?

డాక్టర్ వద్దనకపోతే కొనసాగించాలి. కానీ 220 లోంచి వయసు తీసేసి, అందులో ఇంత శాతం అని చెప్పే హార్ట్ రేట్ లెక్కలు ఇక మీకు పనికిరావు. మాత్ర మీ గుండెకు పైన కప్పు కట్టేసింది. ఎంత ఆయాసపడినా వాచీలో ఆ పాత అంకె రాదు. దాని కోసం పరుగెత్తితే ఒళ్లు హూనం కావడమే మిగులుతుంది. ట్రెడ్‌మిల్ చెప్పేదాన్ని వదిలేసి మీ నోటిని నమ్ముకోండి. నడుస్తూ వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ స్థాయి చాలు. మొదట పది నిమిషాలు వార్మప్, చివర్లో పది నిమిషాలు నెమ్మదించడం తప్పనిసరి చేసుకోండి. ఆగీ ఆగగానే కళ్లు తిరిగేది అది మానేసినప్పుడే.

షుగర్ ఉంది. జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, ముఖ్యంగా ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా దించే గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారికి. షుగర్ పడిపోయినప్పుడు గుండె దడ, చేతుల వణుకు మనల్ని హెచ్చరిస్తాయి. ఆ రెండూ అడ్రినలిన్ పనే కాబట్టి ఈ మాత్ర వాటిని కప్పేస్తుంది. చెమట పట్టడం మాత్రం కప్పబడదు. కారణం లేకుండా ఒళ్లు చెమటతో తడిసినా, ఉన్నట్టుండి ఆకలి వేసినా, మాట తడబడినా, దడ లేదు కదా అని ఊరుకోకుండా వెంటనే షుగర్ చూసుకోండి. మొదటి వారాల్లో మామూలు కన్నా ఎక్కువసార్లు చూసుకోవడం మంచిది. పక్కన ఉండేవారికి కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి.

చిన్నప్పుడు ఆస్తమా ఉండేది. చెప్పాలా?

తప్పకుండా, ఎప్పుడో తగ్గిపోయిందనుకున్నా సరే. ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలను తెరిచి ఉంచేవి కూడా బీటా రిసెప్టర్లే. ప్రొప్రనొలాల్ లాంటివి వాటినీ మూసేస్తాయి, ఆస్తమా ఉన్నవారికి అవి ఇవ్వరు. బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ ప్రధానంగా గుండె మీదే పనిచేస్తాయి గానీ డోసు పెరిగేకొద్దీ ఆ తేడా చెరిగిపోతుంది. పిల్లికూతలు వినిపించినా, ఇన్హేలర్ మునుపటిలా పనిచేయకపోయినా ఆలస్యం చేయకండి. గ్లాకోమా అనే కంటిజబ్బుకు వాడే టిమొలాల్ కంటిచుక్కలు కూడా బీటా బ్లాకరే. కంట్లో వేసుకునేదే కదా అని చాలామంది మందుల జాబితాలో చెప్పరు.

హార్ట్ ఫెయిల్యూర్‌కి ఇచ్చారు. వేసుకున్నాక ఇంకా నీరసించిపోయాను!

గుండె అసలే బలహీనంగా ఉంటే దాన్ని నెమ్మదింపజేసే మందు ఇస్తారేమిటని ఒకప్పుడు డాక్టర్లే అనుకునేవారు. చాలాకాలం హార్ట్ ఫెయిల్యూర్‌లో ఈ మందులు నిషిద్ధం. 1990ల్లో జరిగిన పెద్ద ట్రయల్స్ ఆ అభిప్రాయాన్ని తిరగేశాయి. గుండె పంపింగ్ తగ్గినవారిలో బిసోప్రొలాల్, కార్వెడిలాల్, నిదానంగా విడుదలయ్యే మెటోప్రొలాల్ సక్సినేట్ మరణాలను తగ్గిస్తాయని తేలింది.

కానీ ఆ మేలు కనిపించడానికి నెలలు పడుతుంది, ఇబ్బంది మాత్రం మొదటి వారమే కనిపిస్తుంది. అందుకే బిసోప్రొలాల్‌ను 1.25 మి.గ్రా.తో మొదలుపెట్టి, ఒంటికి పడితే కనీసం రెండేసి వారాలకు ఒకసారి పెంచుతూ 10 మి.గ్రా. దాకా తీసుకెళ్తారు. కార్వెడిలాల్ అయితే పూటకు 3.125 మి.గ్రా.తో రెండు పూటలా మొదలవుతుంది. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోండి. రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. పాదాల వాపు, పడుకుంటే ఆయాసం, రాత్రి ఊపిరాడక లేచి కూర్చోవడం వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఫోన్ చేయండి. చాలాసార్లు నీరు పోయే మాత్ర డోసు సర్దితే సరిపోతుంది, బీటా బ్లాకర్ ఆపాల్సిన పనుండదు.

బరువు పెరుగుతానా?

కొందరు ఒక కిలో అటూ ఇటూగా పెరుగుతారు, ఎక్కువగా పాత రకాలతో, మొదటి నెలల్లో. అంతకు మించి పెరుగుతుంటే వేరే కారణం వెతకాలి.

డోసు మర్చిపోతే? మాత్ర విరిచి వేసుకోవచ్చా?

గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి డోసు వేళ దగ్గరపడితే మర్చిపోయినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ వేసుకోకండి. నిదానంగా విడుదలయ్యే మాత్రలను నమలకూడదు, పొడి చేయకూడదు, రోజంతటి మందూ ఒకేసారి రక్తంలోకి దిగుతుంది. మధ్యలో గీత ఉన్న కొన్నింటిని సగానికి విరవచ్చు, అది మందుల షాపులో అడిగి చేయండి. పిల్లలకు అందని చోట పెట్టండి. పెద్దలు వేసుకునే మాత్రలు కొద్దిగా మింగినా పిల్లలకు ప్రమాదమే.

వేరే మందులతో గొడవ ఉంటుందా?

బీపీకి, గుండెకు వాడే వెరపామిల్, డిల్టియాజెమ్ కూడా గుండెను నెమ్మదింపజేస్తాయి, వాటిలో ఏదైనా ఈ మాత్రతో కలిస్తే గుండె మరీ మందగించవచ్చు. క్లోనిడిన్ అనే బీపీ మందు వాడుతూ ఉంటే ఏది ముందు ఆపాలన్నది డాక్టరే తేల్చాలి. డిప్రెషన్‌కి వాడే ఫ్లూఆక్సెటిన్, పరాక్సెటిన్ మెటోప్రొలాల్‌ను రక్తంలో పెంచుతాయి. ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ లాంటివి, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పైకి తోస్తాయి. మద్యం తూలుడును పెంచుతుంది. కాఫీ, టీ మానక్కర్లేదు.

ఆపరేషన్ ఉందంటే మత్తు డాక్టర్‌కి ఈ మాత్ర సంగతి చెప్పండి, సాధారణంగా కొనసాగించమనే అంటారు. తీవ్రమైన ఎలర్జీ వచ్చే తత్వం ఉన్నా చెప్పండి. ఈ మాత్ర మీద ఉన్నప్పుడు అడ్రినలిన్ ఇంజక్షన్ మామూలుగా పనిచేయకపోవచ్చు. అలాగని ఎలర్జీ వచ్చినప్పుడు ఆ ఇంజక్షన్ మానకూడదు. గర్భం వచ్చినా, ప్లాన్ చేస్తున్నా ముందే చెప్పాలి. అటెనొలాల్ వల్ల బిడ్డ ఎదుగుదల తగ్గవచ్చు, లాబెటలాల్‌ను మాత్రం గర్భిణుల బీపీకి చాలాకాలంగా వాడుతున్నారు. సోరియాసిస్ ఉన్నవారికి మచ్చలు పెరగవచ్చు.

స్టేజీ భయానికి ఫ్రెండ్ దగ్గర ఒక మాత్ర తీసుకుని వేసుకోవచ్చా?

వణుకు, దడ తగ్గుతాయన్నది నిజమే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఒక పిస్టల్ షూటర్ ఒంట్లో ప్రొప్రనొలాల్ దొరికి రెండు పతకాలు వెనక్కిచ్చేయాల్సి వచ్చింది, చేయి వణక్కుండా ఉండటానికి అంత పనికొస్తుందన్నమాట. కానీ మీకు తెలియని ఆస్తమా, అసలే నెమ్మదిగా కొట్టుకునే గుండె ఉంటే ఆ ఫ్రెండ్‌కి ఎలా తెలుస్తుంది? అడిగితే డాక్టరే రాస్తారు, చూసి రాస్తారు.

ఎప్పుడు వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి?

స్పృహ తప్పినా, తప్పబోతున్నట్టు పదే పదే అనిపించినా. ఛాతీలో నొప్పి వచ్చినా. ఊపిరి అందకపోయినా, పిల్లికూతలు మొదలైనా. పెదాలు, ముఖం, నాలుక వాచినా. పల్స్ బాగా తగ్గి మనిషి అయోమయంగా ఉన్నా. పొరపాటున ఎక్కువ మాత్రలు వేసుకుంటే, ఏ లక్షణమూ లేకపోయినా వెళ్లాలి. బండి సొంతంగా నడుపుకుంటూ వెళ్లకండి, అంబులెన్స్ పిలవండి. మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి.

డాక్టర్‌కి ‘మందు పడట్లేదు’ అంటే ‘అలవాటవుతుంది’ అని పంపేశారు. ఏం చెప్పాలి?

‘పడట్లేదు’ అన్న మాటతో డాక్టర్ చేయగలిగింది తక్కువ. ‘వారం రోజులుగా పొద్దున పల్స్ 48, 51, 49. మాత్ర వేసుకున్న రెండు గంటలకు కళ్లు తిరుగుతున్నాయి, బుధవారం బాత్రూమ్‌లో తూలి గోడ పట్టుకున్నాను, ఇదివరకు రెండంతస్తులు ఆగకుండా ఎక్కేవాణ్ణి, ఇప్పుడు ఒకటే’ అంటే చేయగలిగింది చాలా ఉంది. డోసు తగ్గించవచ్చు. వేళ మార్చవచ్చు. అదే మందులో నిదానంగా విడుదలయ్యే రకం ఇవ్వవచ్చు. వేరే బీటా బ్లాకర్‌కి మార్చవచ్చు. బీపీ కోసమో మైగ్రేన్ కోసమో అయితే వేరే జాతి మందుకే మారవచ్చు, వాటికి దారులు చాలా ఉన్నాయి. గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్ తర్వాత అయితే కొద్ది డోసయినా నిలబెట్టడానికి గట్టిగా ప్రయత్నిస్తారు, ఎందుకో అడిగితే చెబుతారు కూడా.

ఒక చిన్న నోట్‌బుక్ చాలు. తేదీ, మాత్ర వేసుకున్న వేళ, పల్స్, బీపీ, ఆ రోజు ఇబ్బంది ఒక్క ముక్కలో. నా పుస్తకంలో పదిహేడో రోజు ఎదురుగా ‘మెట్లు, ఆగలేదు’ అని ఉంది.